జ్ఞాపకశక్తి – అండాశయములు

"గర్భసంచి తీయించుకున్నప్పటినుంచి మతి నిలవటం లేదక్కా!" పెద్దారవీడు, మార్కాపురం వైపు పల్లెలలో మిరపచేని గట్టున ఇట్టి మాట వినబడినచో, దానిని వట్టి భ్రమయని త్రోసివేయరాదని మేము మనవి చేయుచున్నాము. గర్భసంచికిని జ్ఞాపకమునకును సంబంధమేమి? సంబంధము ముఖ్యముగా దాని ప్రక్కనుండు అండాశయములతో.

అండాశయములనుండి ఊరెడు ఈస్ట్రోజెను అను హార్మోను రక్తములో కలసి మెదడును చేరును. అచటి కణములలో దానిని పట్టుకొను గ్రాహకములు కలవు. తాళమునకు తగిన చెవివలె హార్మోను గ్రాహకమున ఇమిడినప్పుడే కణము పనికి పూనుకొనును. వీనిలో ఆల్ఫా అనునది ముందే తెలిసియుండగా, బీటా అనుదానిని 1996లో స్వీడను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. క్రొత్త సంగతులను జ్ఞాపకముగా నిలుపు హిప్పోక్యాంపస్ అను భాగమున ఈ రెండును కలవు. పురుషుల మెదడులోను ఇవి యున్నవి.

1990లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆడ ఎలుకల అండాశయములను తీసివేసి చూచిరి. తుమ్మకొమ్మకు ముళ్ళవలె నాడీకణపు శాఖలపై నుండు సన్నని మొలకలు తగ్గిపోయినవి; హార్మోను నిచ్చినంతట మరల పెరిగినవి. ఒక కణము మరియొక కణమునుండి వార్త నందుకొనునది ఈ మొలకలయందే.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు 3గురు కాగా, ఆంధ్రప్రదేశమున సుమారు 9 మంది. అండాశయములు నిలిచియున్నచో హార్మోను ఊట అంతటితో ఆగిపోదు. వానినికూడ తీసివేసినచో ఒక్కసారిగా పడిపోవును. ముట్లుడుగక పూర్వమే అండాశయము తీయించుకొన్నవారికి ముదిమిలో మతి మందగించు అవకాశ మెక్కువయని అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2007లో తెలిపిరి.

అట్లని మాత్రలు మ్రింగిన చాలుననుకొనరాదు. 65 ఏండ్లు దాటిన స్త్రీలకు ఈస్ట్రోజెనుతో ప్రొజెస్టిను కలిపి యిచ్చి చూడగా, మతిభ్రంశము దాదాపు రెట్టింపైనట్లు 2003లో అమెరికాలో వెల్లడియైనది. మతిమరపునకు రక్తహీనత, థైరాయిడు లోపము, నిద్రలేమి మున్నగు ఇతర కారణములును కలవు, వైద్యుని చూపించుకొనవలెను.

కొన్ని వ్యాధులలో ఈ శస్త్రచికిత్స ప్రాణము కాపాడును, అప్పుడు వెనుకాడరాదు. అయినను బల్లయెక్కుటకు ముందే రెండు ప్రశ్నలు అడుగుడు: మరియొక చికిత్స లేదా? అండాశయములను కూడ తీయవలెనా? అడుగుటకు రోగి సంకోచించినచో, ఇంటివారు అడుగవలెను.