ఎండ ఉన్న ఊరైనా పసిబిడ్డకు ‘డి’ చుక్కలు తప్పవు

వాడరేవు: ఇసుకపై చేపలు ఎండబెట్టుకునే ఊరు ఇది. ఇలాంటి చోట పసిబిడ్డలకు ఎండ వల్ల వచ్చే విటమిన్ కొరవడుతుందంటే నమ్మడం కష్టమే. కాని తల్లి పాలు మాత్రమే తాగే బిడ్డకు రోజూ విటమిన్ ‘డి’ చుక్కలు వేయాలని పిల్లల వైద్యులు చెబుతున్నారు.

తల్లి పాలకు సాటి లేదు. ఆరు నెలలు నిండే వరకు బిడ్డకు మంచినీళ్లు కూడా అక్కరలేదు. అయితే లీటరు తల్లి పాలలో ‘డి’ సాధారణంగా 50 యూనిట్లకు మించదు. బిడ్డకు కావలసింది రోజుకు 400 యూనిట్లు. పాలు పడాలని తీరంలో బాలింతకు సొర చేప వండి పెడతారు. ఆ కూరతో ఈ లోటు తీరదు. అలాగని పాలు మానిపించి డబ్బా పాలకు మారనక్కరలేదు. చుక్కల మందు చాలు.

తల్లుల ఒంట్లోనే ఈ విటమిన్ తక్కువగా ఉంటోంది. తిరుపతి ప్రాంతంలో జరిపి 2007లో ప్రకటించిన పరిశీలనలో పల్లె స్త్రీలలో నూటికి 70 మందికి ‘డి’ లోపం ఉన్నట్టు తేలింది. తల్లికి లేనిది కడుపులోని బిడ్డకూ అందదు.

ఉదయం లేత ఎండలో బిడ్డను కాసేపు ఉంచుతున్నాం కదా అని పెద్దలు అడుగుతుంటారు. చర్మంలో ‘డి’ తయారు చేసే కిరణాలు లేత ఎండలో బహు తక్కువ. అవి దండిగా ఉండేది నడి పొద్దులో. ఆ ఎండకు పసికందు తాళలేదు. నల్లని మేనికి మరింతసేపు ఎండ కావాలి. కిటికీ అద్దం ఈ కిరణాలను లోనికి రానివ్వదు.

‘డి’ లేకుంటే తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. దీనివల్ల వచ్చే రికెట్స్ ఒకప్పుడు పొగ కమ్మిన ఇంగ్లండు పట్టణాల జబ్బుగా పేరుపడింది. ఈ జబ్బులో మాడు త్వరగా పూడదు. పళ్లు ఆలస్యంగా వస్తాయి, మణికట్లు లావెక్కుతాయి. నడక వచ్చాక కాళ్లు వంకరపోతాయి. కాల్షియం బాగా పడిపోతే ఫిట్స్ రావచ్చు.

పుట్టిన కొద్ది రోజుల నుంచి ఏడాది నిండే వరకు రోజుకు 400 యూనిట్లు ఇవ్వాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2017లో సూచించింది.

అయితే కొలత విషయంలో జాగ్రత్త అవసరం. కొన్ని సీసాల్లో మిల్లీలీటరుకు 400 యూనిట్లు, కొన్నింటిలో 800 యూనిట్లు ఉంటాయి. ఇంకా చిక్కని మందులూ ఉన్నాయి. ఒక సీసా గొట్టంతో మరో సీసా మందు కొలవరాదు. పెద్దలు వాడే 60,000 యూనిట్ల పొడిని పసివారికి సొంతంగా ఇవ్వరాదు. మోతాదు మించితే వాంతులు, మలబద్ధకం కలుగుతాయి. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు బిడ్డను తెచ్చినప్పుడు తల్లులు సీసాను కూడా వెంట తెచ్చుకోవడం మేలు. ఎంత వేయాలో డాక్టరుకో నర్సుకో చూపించి గొట్టంపై గుర్తు పెట్టించుకుంటే ఇంట్లో ఎవరు వేసినా పొరపాటు జరగదు.