పసిబిడ్డకు మెత్తని నూలుగుడ్డ

బిడ్డ పుట్టిన ఇంట్లో సంతోషంతో పాటు ఖర్చూ పెరుగుతుంది, పనీ పెరుగుతుంది. బిడ్డకు గుడ్డలు కట్టాలా, డైపర్లు కొనాలా అన్న ప్రశ్న ఈ రెంటికీ సంబంధించినదే. పెద్దమండ్యం, మదనపల్లె ప్రాంతాల్లో ఇప్పుడు పల్లె అంగళ్లలో కూడా డైపర్లు దొరుకుతున్నాయి. కాబట్టి భార్యాభర్తలిద్దరూ కూర్చుని దీన్ని గురించి ఆలోచించడం మంచిది.

లెక్క వేసి చూడండి

ఒక డైపరు 10 రూపాయలనీ, రోజుకు 5 వాడతారనీ అనుకుందాం. రోజుకు 50 రూపాయలు, నెలకు 1,500, ఏడాదికి సుమారు 18,000 రూపాయలవుతుంది. టమోటా ధర పడిపోయిన ఏడు ఇది చిన్న మొత్తం కాదు. ఇందులో కొంత సొమ్ముతో బాలింతకు గుడ్లు, పప్పు, ఆకుకూరలు కొనవచ్చు.

గుడ్డలకైతే నాలుగు గజాల పాత నూలు పంచెలు రెండు చాలు. ఒక్కొక్క పంచెలో మూరకు కొంచెం పైన ఉండే చదరపు ముక్కలు సుమారు 12 వస్తాయి. మొత్తం 24 గుడ్డలుంటే, కొన్ని తడిసినా కొన్ని ఆరి ఉంటాయి. పాలిస్టరు గుడ్డ తడి పీల్చదు, వాడకండి. బొడ్డు రాలేవరకు గుడ్డను బొడ్డుకు కిందుగా మడిచి కట్టాలి. బొడ్డు తడవకూడదు.

తడిగుడ్డ చెప్పే మంచిమాట

“నాకు పాలు చాలడం లేదేమో” అని చాలామంది తల్లులు దిగులుపడతారు. తల్లిపాలే తాగే బిడ్డ, అయిదో రోజు దాటాక, రాత్రీపగలూ కలిపి 6 సార్లు లేక అంతకన్నా ఎక్కువ గుడ్డ తడిపి, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. తక్కువ తడిపినా, మూత్రం ముదురు పసుపుగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఏ.ఎన్.ఎమ్.కు చూపించండి.

గుడ్డ కట్టినప్పుడు ఈ లెక్క సులభంగా తెలుస్తుంది. డైపరులో ఉండే పొడి మూత్రాన్ని పీల్చి జిగురుగా మారుతుంది. పైకి పొడిగానే ఉంటుంది. “ఇంకా నిండలేదులే” అని అట్లే వదిలేస్తే బిడ్డ తొడలు ఒరిసి ఎర్రబడతాయి. గుడ్డ అయినా సరే, తడిసిన వెంటనే మార్చకపోతే ఇదే బాధ.

ఉతికే పద్ధతి

1. మలాన్ని మరుగుదొడ్డిలో వేయండి. పసిబిడ్డ మలంలోనూ రోగక్రిములుంటాయి. బోరు దగ్గర, చెరువులో ఆ గుడ్డలు ఉతకకండి.
2. సబ్బుతో ఉతికి, సబ్బు పోయేదాకా జాడించండి. మిగిలిన సబ్బు చర్మాన్ని మండిస్తుంది.
3. బాగా ఎండలో ఆరేయండి. ముసురు రోజుల్లో పూర్తిగా ఆరాకే కట్టండి.
4. పెట్టెలో కలరా ఉండలు వేయకండి. వాటి ఆవిరి వల్ల కొందరు బిడ్డల రక్తకణాలు చిట్లి, కామెర్లు ముదురుతాయి.
5. చివరగా మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

“మాకు నీళ్లే కరువు, ఎట్లా?” అంటారా? మూత్రపు గుడ్డలు వేరుగా, మలం గుడ్డలు వేరుగా పెట్టండి. మూత్రపు గుడ్డలను చివర జాడించిన నీళ్లు, మలం గుడ్డలు నానబెట్టడానికి పనికివస్తాయి.

డైపరు వాడనే కూడదా?

అట్లా ఏమీ లేదు. బస్సు ప్రయాణంలో, ఆస్పత్రికి పోయేటప్పుడు వాడుకోవచ్చు. మూడు గంటలకొకసారి, మలం చేస్తే వెంటనే, మార్చండి. వాడినదాన్ని కాగితంలో చుట్టి చెత్తబండికి ఇవ్వండి. అందులోని ప్లాస్టిక్కు మట్టిలో కలిసిపోదు. చెరువులో పారేయడం, కాల్చడం రెండూ తప్పే.

ఉతికేది ఎవరు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గుడ్డ వల్ల డబ్బు మిగిలినా, బాలింత నడుము విరిగితే ఆ మిగులుకు అర్థం లేదు. ఆపరేషన్ కాన్పు అయిన తల్లి నీళ్ల బిందెలు ఎత్తకూడదు. కాబట్టి నీళ్లు తేవడం, గుడ్డలు ఉతకడం భర్త పంచుకోవాలి. బిడ్డ ఇద్దరిదీ, పనీ ఇద్దరిదీ.

ఒక బిడ్డ గుడ్డలు విడవకముందే ఇంకో బిడ్డ పుడితే తల్లికి ఉతుకుడూ రెట్టింపు, నీరసమూ రెట్టింపు. కాన్పుకూ కాన్పుకూ మధ్య మూడేళ్లయినా ఎడం ఉండాలి. పాలిస్తున్నాం గదా, కడుపు రాదులే అనుకోకండి. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, రాత్రీపగలూ తల్లిపాలే ఇస్తూ, బహిష్టు రాకుండా ఉన్నంతవరకే ఆ నమ్మకం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా వేరే పద్ధతి కావాలి. కాపర్-టి, అంతర ఇంజెక్షన్, నిరోధ్ గురించి మీ ఆరోగ్య కేంద్రంలో ఇద్దరూ కలిసి అడగండి.

మొదటి బిడ్డ గుడ్డలు ఉతికి దాచండి. మూడేళ్ల తర్వాత రెండో బిడ్డకు పనికివస్తాయి.