వార్తల్లో పదం: పీబాడీ ట్రస్ట్

లండన్‌లో స్థిరపడ్డ అమెరికన్ బ్యాంకర్ జార్జ్ పీబాడీ, ఆ నగరంలోని పేదల కోసం 1862లో 1,50,000 పౌండ్ల విరాళంతో నెలకొల్పిన నిధి ఇది. 1869లో ఆయన చనిపోయేనాటికి, వీలునామాలో రాసిచ్చినదీ కలిపి, ఆ మొత్తం 5 లక్షల పౌండ్లకు చేరింది. పేదల ఇళ్ల కోసం కట్టిన మొదటి భవనాన్ని 1864లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో తెరిచారు.

విరాళం పనిచేసే తీరే ఇందులో కీలకం. అప్పు తెచ్చి ఇల్లు కడితే ఆ వడ్డీ అద్దెలోకే వచ్చి చేరుతుంది. పెట్టుబడి దానంగా వస్తే ఆ భారం ఉండదు. అలాగని పీబాడీ ఇళ్లు ఉచితం కాదు. అద్దెల్లో మరమ్మతులు, నిర్వహణ పోగా మిగిలిన సొమ్ముతో మళ్లీ ఇళ్లు కట్టేవారు.

లోటూ ఉండేది, అది చిన్నది కాదు. అప్పట్లో వారం అద్దె ముందే కట్టాల్సి ఉండేది, పని ఇచ్చే యజమాని సిఫారసు తేవాల్సి ఉండేది. దాంతో నిలకడైన జీతం ఉన్నవారికే గదులు దక్కాయి. అందరికన్నా ఎక్కువ అవసరమున్న రోజుకూలీలు మురికివాడల్లోనే ఉండిపోయారు.

ట్రస్ట్ నేటికీ నడుస్తోంది. 2022లో క్యాటలిస్ట్ అనే మరో గృహ సంస్థ కలిశాక దాని చేతిలో లక్షకు పైగా ఇళ్లున్నాయి. ఇప్పుడు దానాలు చాలవు గనుక, కొత్త ఇళ్లకు ప్రభుత్వ గ్రాంట్లు, రుణాలు కూడా తీసుకుంటోంది.