లోక్‌సభ గడియారం ఎవరి చేతిలో?

భారత పార్లమెంటు గురించి సామాన్య పాఠకునికి కలిగే అభిప్రాయం చాలావరకు టెలివిజన్ తెర మీద పదేపదే కనిపించే రెండు మూడు దృశ్యాల నుంచి వస్తుంది: ప్లకార్డులు పట్టుకుని వెల్‌లోకి దూసుకువెళ్లే సభ్యులు, కూర్చోండి కూర్చోండి అని బతిమాలే సభాపతి, ఆపైన వాయిదా. ఆ దృశ్యాలు అబద్ధం కావు. అయితే లోక్‌సభ పనిదినమంతా నిమిషాల లెక్కన ముందుగానే పంపకమై ఉంటుందని, ఆ పంపకంలో ఏ నిమిషం ప్రభుత్వానిది, ఏ నిమిషం మామూలు సభ్యునిది అన్నదే అసలు తగాదా అని అవి చెప్పవు.

సభ ఎప్పుడు కూడాలో నిర్ణయించేది ప్రభుత్వమే. రాజ్యాంగం 85వ అధికరణం ఒక సమావేశానికీ మరో సమావేశానికీ మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండరాదని మాత్రమే చెప్పి, ఏడాదికి ఎన్ని రోజులు కూర్చోవాలన్న సంగతిని వదిలేసింది. బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాలనే వరుస వాడుక వల్ల స్థిరపడింది. 1952లో మొదలైన తొలి లోక్‌సభ తన కాలంలో 677 రోజులు కూర్చుంటే, 2019లో ఏర్పడిన 17వ లోక్‌సభ 274 రోజులే కూర్చుంది. కూర్చున్న రోజుల్లో ఏ అంశానికి ఎన్ని గంటలివ్వాలో స్పీకర్ అధ్యక్షతన వివిధ పార్టీల సభ్యులుండే సభా వ్యవహారాల సలహా సంఘం, అంటే పత్రికలు బీఏసీ అని రాసే కమిటీ, ఖరారు చేస్తుంది. ఆ లెక్క ప్రకారం తయారైన కార్యక్రమాల జాబితా సభ్యులకు ముందుగానే అందుతుంది. అందులో లేని అంశాన్ని స్పీకర్ అనుమతి లేనిదే ఎవరూ ఎత్తడానికి వీలుండదు.

ఉదయం పదకొండు గంటలకు మార్షల్ ప్రకటనతో సభ్యులు లేచి నిలబడగా స్పీకర్ వచ్చి ఆసీనులవుతారు. సభ నడవాలంటే మొత్తం సభ్యుల్లో పదో వంతు, అంటే 543 మందికి కనీసం 55 మంది హాజరుండాలి. దీన్నే కోరం అంటారు. ఎవరైనా ఎత్తి చూపితే గంట మోగించి సభ్యులను పిలవాలి కాబట్టి, భోజన విరామం తరవాత పలచబడిన సభలో కోరం లేదన్న ఒక్క మాటకు ప్రభుత్వ పక్షం విప్‌లు కంగారుపడటం మామూలే.

మొదటి గంట ప్రశ్నోత్తరాలది. పనిదినం మొత్తంలో మంత్రి తనకు అనుకూలమైన విషయం ఎంచుకునే వీలు లేకుండా, సభ్యుడు ఎంచుకున్న విషయం మీద నిలబడి మాట్లాడవలసిన వ్యవధి ఇదే కనుక, దీన్ని కాస్త దగ్గరగా చూడటం అవసరం. ప్రశ్నలు ప్రధానంగా రెండు రకాలు. నోటిమాటగా సమాధానం కోరేదానికి జాబితాలో నక్షత్రం గుర్తు వేస్తారు కాబట్టి అది స్టార్డ్ ప్రశ్న. రాతపూర్వక సమాధానంతో సరిపెట్టుకునేది అన్‌స్టార్డ్ ప్రశ్న. అచ్చు కాగితాల కాలంలో మొదటి రకం జాబితాను ఆకుపచ్చ కాగితం మీద, రెండో రకాన్ని తెల్ల కాగితం మీద ముద్రించేవారు. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలకు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలకు చోటుంటుంది. పోటీ ఎక్కువ గనుక ఎవరి ప్రశ్న ముందో లాటరీ తేలుస్తుంది. మంత్రిత్వశాఖలను అయిదు జట్లుగా విడగొట్టి వారంలో ఒక్కో జట్టుకు ఒక్కో రోజు కేటాయిస్తారు. నోటీసుకు కనీసం పదిహేను రోజుల గడువుండాలి.

మిర్చి ధర పడిపోయిన ఏడాది గుంటూరు ప్రాంతపు సభ్యుడు ప్రశ్న వేయదలిస్తే, ఆవేదనంతా పక్కన పెట్టి దాన్ని ఒక పాత అచ్చులో పోయవలసి ఉంటుంది: ధరలు పడిపోయిన సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, వచ్చి ఉంటే వివరాలేమిటి, తీసుకున్న చర్యలేమిటి, తీసుకోకపోతే కారణాలేమిటి. ఈ నాలుగు ముక్కలు శాఖ కార్యాలయానికి చేరగానే అక్కడ హడావుడి మొదలవుతుంది. జిల్లాల నుంచి అంకెలు రప్పించి సమాధానం రాయడం ఒక ఎత్తయితే, ఆ సమాధానం విన్న సభ్యుడు ఇంకేం అడగగలడో ఊహించి మంత్రి కోసం అనుబంధ ప్రశ్నల నోట్సు తయారు చేయడం మరో ఎత్తు. సభలో ప్రశ్న సంఖ్య పిలిచినప్పుడు మంత్రి లేచి, ప్రకటనను సభ ముందు ఉంచుతున్నానని ఒక్క వాక్యం చెప్పి కూర్చుంటారు. వ్యవహారం రక్తి కట్టేది ఆ తరవాతే: అడిగిన సభ్యునికి రెండు అనుబంధ ప్రశ్నలు, ఆపైన స్పీకర్ పిలిచిన ఇతరులకు ఒక్కొక్కటి. అధికారుల గ్యాలరీ నుంచి చీటీ మంత్రి చేతికి చేరేలోపు తన శాఖ తనకెంత తెలుసో సభ మొత్తానికీ తెలిసిపోతుంది. 20 ప్రశ్నల్లో చాలా రోజులు పది కూడా పిలుపు దాకా రావు.

ఈ అనుబంధ ప్రశ్నకున్న పదును 1957లో బయటపడింది. జీవిత బీమా సంస్థ సొమ్ము ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లోకి వెళ్లిందన్న విషయం సభలో ప్రశ్నల రూపంలో మొదలై, అధికార కాంగ్రెస్ సభ్యుడే అయిన ఫిరోజ్ గాంధీ పట్టుదలతో చర్చగా ముదిరి, చాగ్లా విచారణ కమిషన్‌కు దారి తీసి, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామాతో ముగిసింది.

ప్రశ్నోత్తరాల సమయం గొడవలో కొట్టుకుపోతే నష్టం ఎవరికి అన్న ప్రశ్నకు నిబంధనలే జవాబు చెబుతాయి. ఆ రోజు నోటిమాటగా చెప్పవలసిన సమాధానాలన్నీ రాతపూర్వకంగా సభ ముందు ఉంచినట్టే లెక్క. అంటే ప్రభుత్వం రాసుకొచ్చిన కాగితం క్షేమంగా రికార్డులకు ఎక్కుతుంది, మంత్రిని ఇరుకున పెట్టగలిగే అనుబంధ ప్రశ్న మాత్రం పుట్టకుండానే పోతుంది. తమ నిరసన వినిపించడానికి ఈ గంటనే బలిపెట్టే ప్రతిపక్షాలు తమ జేబు తామే కత్తిరించుకుంటున్నాయని చెప్పక తప్పదు. 2020లో కోవిడ్ కారణంగా వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేసి రాతపూర్వక సమాధానాలను మాత్రం కొనసాగించినప్పుడు, అదే ప్రతిపక్షాలు దాని విలువ ఎలుగెత్తి చాటాయి. రాజ్యసభ ఈ గంటను కాపాడుకోవడానికే 2014 నవంబరులో దాన్ని పదకొండు నుంచి మధ్యాహ్నం పన్నెండుకు జరుపుకుంది.

లోక్‌సభలో పన్నెండు గంటలకు పత్రాల సమర్పణ వస్తుంది. మంత్రులు ఒకరి తరవాత ఒకరు లేచి, తమ పేరుతో జాబితాలో ఉన్న పత్రాలను సభ ముందు ఉంచుతున్నామని చెప్పే ఈ కొద్ది నిమిషాలు గ్యాలరీలో కూర్చున్నవారికి పరమ విసుగు. కాగ్ నివేదికలు ప్రజల ముందుకు వచ్చేది మాత్రం ఈ దారినే. పార్లమెంటు చేసిన చట్టంలో కేంద్రం నిర్దేశించిన విధంగా అని వదిలేసిన ఖాళీలను శాఖలు నిబంధనలతో పూరించుకుంటాయి. అవీ ఇక్కడికే రావాలి. వార్షిక నివేదిక గడువు దాటి వస్తే ఆలస్యానికి కారణాలు చెబుతూ మరో కాగితం జత చేయాలి. కొన్ని సంస్థల విషయంలో ఈ రెండో కాగితం ఏటా తప్పని తద్దినంలా తయారైంది.

తరవాతది జీరో అవర్. నిబంధనల పుస్తకంలో ఈ పేరు కనిపించదు. 1960ల్లో ప్రశ్నోత్తరాలు ముగిసీ ముగియగానే సభ్యులు లేచి అత్యవసర విషయాలు ప్రస్తావించడం అలవాటై, ప్రశ్నోత్తరాలకూ జాబితాలోని తరవాతి పనికీ సందున ఏ నియమానికీ లొంగని ఆ వ్యవధికి ఈ పేరు స్థిరపడింది. ఇప్పుడు ముందుగా నోటీసు ఇచ్చినవారి పేర్లకు లాటరీ తీసి తలా కొద్ది నిమిషాలిస్తున్నారు. నియోజకవర్గంలో ఆగని రైలు, పూర్తికాని వంతెన, అందని పంటల బీమా డబ్బు ఇక్కడే వినిపిస్తాయి. మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పాలన్న నియమం లేదు. తెలుగు సభ్యులు తెలుగులోనే మాట్లాడటానికి ఎక్కువగా ఎంచుకునేదీ ఇలాంటి సందర్భాలనే. హిందీ, ఇంగ్లిష్‌లు సభా భాషలైనా, ఆ రెంటిలో తన మనసులోని మాట సరిగా చెప్పలేని సభ్యుణ్ణి మాతృభాషలో మాట్లాడనిచ్చే అధికారాన్ని 120వ అధికరణం సభాధ్యక్షునికి ఇచ్చింది. ముందుగా తెలియపరిస్తే దుబాసీల అనువాదం మిగతావారికి హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది. లాటరీలో పేరు రానివారికి 377వ నిబంధన మిగులుతుంది: 250 మాటలు మించని పాఠాన్ని చదవడమో సమర్పించడమో చేస్తే, శాఖ తరవాత ఉత్తరం ద్వారా జవాబిస్తుంది.

మధ్యాహ్నం రెండు నుంచి గడియారం ప్రభుత్వ వశమవుతుంది. బిల్లు మూడు దశలు దాటాలి: ప్రవేశపెట్టడం, సూత్రాల మీద చర్చతో పాటు క్లాజుల వారీ పరిశీలన, చివరగా ఆమోదం. పార్టీలకు చర్చా సమయాన్ని సంఖ్యాబలాన్ని బట్టి పంచుతారు కాబట్టి, ఒకరిద్దరే ఉన్న పార్టీ సభ్యుడు గొంతు సవరించుకునేలోపే గంట మోగుతుంది. క్లాజుల దశ చాలా రోజుల్లో మంత్రజపంలా సాగిపోతుంది: ఫలానా క్లాజు నుంచి ఫలానా క్లాజు వరకు బిల్లులో భాగమగుగాక అని సభాధ్యక్షులు చదవడం, సవరణ ప్రతిపాదిస్తున్నారా అని నోటీసు ఇచ్చిన సభ్యుణ్ణి అడగడం, ప్రతిపాదించడం, వీగిపోవడం. నిదానంగా, కెమెరాలు లేని గదిలో పార్టీ భేదాలు కొంత మరచి బిల్లును చదివే చోటు స్థాయీ సంఘం. 1993లో ఏర్పడిన శాఖాపరమైన స్థాయీ సంఘాలు ప్రస్తుతం 24 ఉండగా, ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. వాటికి బిల్లులు పంపడం గత రెండు మూడు లోక్‌సభల్లో బాగా తగ్గిపోవడం ఈ వ్యవస్థకు తగిలిన పెద్ద దెబ్బ.

ఓటింగులో తొలి మెట్టు మూజువాణి ఓటు. నోటిమాటగా అనే అర్థమున్న ఉర్దూ పలుకుబడి తెలుగు నాలుక మీద ఈ రూపానికి వచ్చింది. అవును అన్నవారి గొంతు, కాదు అన్నవారి గొంతు విని సభాధ్యక్షులు ఏది నెగ్గిందో చెబుతారు. ఎవరైనా ఒప్పుకోకపోతే డివిజన్ కోరవచ్చు. అప్పుడు మూడున్నర నిమిషాల పాటు ఆవరణంతా గంటలు మోగి, సభ్యులు పరుగున వచ్చి కూర్చున్నాక తలుపులు మూసి, ఎవరి సీటు దగ్గర వారు మీట నొక్కగా లెక్క బోర్డు మీద వెలుగుతుంది. డివిజన్ అనవసరంగా అడిగారని తోస్తే సభ్యులను ఉన్నచోటే నిలబెట్టి లెక్కించే వెసులుబాటు స్పీకర్‌కు ఉంది. మూజువాణి ఓటులో ఎవరు ఎటు ఓటు వేశారో పేరుపేరునా నమోదు కాదన్నది గుర్తుంచుకోవలసిన విషయం. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు 2014 ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది. దానిని స్వాగతించినవారికీ వ్యతిరేకించినవారికీ కూడా ఆ సాయంత్రానికి సంబంధించి సభ్యుల వారీ పట్టిక చేతికి రాలేదు. పేరుపేరునా లెక్క తేలిన సందర్భానికి ఉదాహరణ 1999 ఏప్రిల్ 17. ఆ రోజు వాజపేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానం 269-270తో వీగిపోయింది. సభాపతి స్థానంలో ఉన్నది అమలాపురం నుంచి ఎన్నికైన జి.ఎం.సి. బాలయోగి. స్పీకర్ ఓట్లు సమానమైనప్పుడే ఓటు వేస్తారు కాబట్టి, వ్యతిరేకించిన 270 మందిలో ఒక్కరు తటస్థంగా ఉండి ఉంటే నిర్ణయం ఆయన చేతుల్లో పడేది.

సొమ్ము విషయంలోనూ సమయమే యజమాని. శాఖల పద్దుల మీద సభ్యులు కోత తీర్మానాలు ఇవ్వవచ్చు. విధానాన్నే తిరస్కరించేవారు పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలంటారు, ఒక ఫిర్యాదు వినిపించదలిచినవారు 100 రూపాయలు తగ్గించాలంటారు. అయితే నాలుగైదు శాఖల మీద చర్చ జరిగేసరికి నిర్ణయించిన రోజు, నిర్ణయించిన గంట వచ్చేస్తుంది, మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. ఫ్రెంచి శిరచ్ఛేద యంత్రం పేరుతో దీన్ని గిలెటిన్ అంటారు.

మంత్రులు కాని సభ్యులకు సొంతంగా బిల్లు తెచ్చే హక్కు శుక్రవారం చివరి రెండున్నర గంటలకు పరిమితం. సొంతూళ్లకు విమానాలు ఎక్కే వేళ అది. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటి బిల్లులు 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970 నాటిది.

సాయంత్రం ఆరుకు సభ మర్నాటికి వాయిదా పడినా రిపోర్టర్ల పని ఆగదు. సభ మధ్యనున్న బల్ల దగ్గర అయిదేసి నిమిషాలకు ఒకరు చొప్పున మారుతూ రాసుకున్న ప్రతి మాటా, స్పీకర్ రికార్డుల నుంచి తొలగించమన్నవి తప్ప, ఆ రోజు కార్యక్రమంగా అక్షరరూపం పొందుతుంది. ఆ పుటలను పార్లమెంటరీ వ్యవహారాల శాఖ సిబ్బంది జల్లెడ పడతారు. సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం అని, పరిశీలిస్తాం అని మంత్రి జారవిడిచిన వాక్యాలను ఏరి హామీలుగా నమోదు చేసి సంబంధిత శాఖకు పంపుతారు. మూడు నెలల్లో నెరవేర్చాలి. లేకుంటే గడువు పెంచమని కోరుతూ ప్రభుత్వ హామీల సంఘానికి రాయాలి. పదకొండున్నరకు మిర్చి ధర మీద వచ్చిన రెండో అనుబంధ ప్రశ్నను దాటవేయడానికి మంత్రి అన్న మాట, ఆయన మరిచిపోయిన చాలా నెలలకు, ఆ శాఖలో ఒక సెక్షన్ అధికారి బల్ల మీద వరుస సంఖ్యతో పెండింగు ఫైలై కూర్చుంటుంది.