బండి ‘ఱ’ ఎటు పోయింది?

కారంపూడిని ఆనుకుని నాగులేరు. గట్టు దిగితే పొలాలు. జ్యేష్ఠ పున్నమి వస్తే రైతు ఏరు పూజించి దుక్కికి దిగుతాడు. వాన గట్టిగా పడితే ఏరు పొంగుతుంది. రెండుచోట్లా మనం అన్నది ‘ఏరు’ అనే. మొదటిది ఎడ్లు కట్టిన నాగలి, రెండోది వాగు. మన పెద్దలు వీటిని ఒకేలా రాసేవారు కాదు. నాగలైతే ఏరు, పారే నీళ్లయితే ఏఱు.

పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లకు ఈ ఱ గుర్తుండే ఉంటుంది. వర్ణమాల చిట్టచివర... బండి ర! బండిలా కనిపిస్తుందని ఆ పేరు. పండితులు శకటరేఫ అన్నారు. శకటమన్నా బండే. మామూలు ర వాళ్లకు సాధురేఫ. ఒకటో తరగతిలో మా పంతులుగారు ఈ బండిని పలక నిండా తోలించారు. ఆ తర్వాత దానితో పనే పడలేదు.

సంస్కృతంలో ఈ అక్షరం లేదు. ఇది అచ్చంగా ద్రావిడ భాషల సొత్తు. ఒకప్పుడు ర కంటే గట్టిగా పలికేవారు. తమిళం, మలయాళాల్లో నేటికీ రెండూ ఉన్నాయి. కన్నడం మాత్రం మనలాగే వదిలేసింది.

వదిలేస్తే పోయిందేమిటి? చూడండి. చెట్టుకుండేది వేరు, అన్నదమ్ములు పడేది వేఱు. మనం కాపురముండేది ఊరు. మామిడిముక్క ఉప్పూకారంలో చేసే పని ఊఱడం. అందుకే అది ఊఱగాయ. ఊరికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు!

ఈ తేడా ఎక్కువగా పట్టించుకున్నది కవులు. చాలా రకాల పద్యాల్లో ప్రతి పాదానికీ రెండో అక్షరం కలవాలి. అదే ప్రాస. నన్నయ కాలంలో ర, ఱ రెండు వేర్వేరు అక్షరాలే కాబట్టి ఒకదానితో మరొకదానికి ప్రాస వేసేవారు కాదు. పదిహేడో శతాబ్దం వచ్చేసరికి కథ మారింది. పల్నాటి కామేపల్లిలో ఉన్న కాకునూరి అప్పకవి, ‘అప్పకవీయం’లో ఏ మాటకు ఏ ర వస్తుందో విడమరిచి చెప్పాల్సి వచ్చింది. చెవికి తెలిసే తేడా అయితే అంత శ్రమ ఎందుకు? జనం నాలుక మీద రెండూ అప్పటికే కలిసిపోయి ఉంటాయి.

జపాన్‌లోనూ ఇలాంటిదే జరిగింది. వాళ్ల హిరగానా లిపిలో ‘వి’, ‘వె’ అనే అక్షరాలు ఉండేవి. పలుకులో ‘ఇ’, ‘ఎ’లతో కలిసిపోవడంతో 1946 సంస్కరణలో వాడుక నుంచి తప్పించారు. మనుషుల పేర్లలో మాత్రం అక్కడక్కడా మిగిలాయి. మనకు అలాంటి సర్కారు ఉత్తర్వేమీ లేదు. ఱ దానంతటదే జారిపోయింది.

పేర్లలో మిగలడం మాత్రం ఇక్కడా ఉంది. మహాకవి జాషువా 1895లో పుట్టిన వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలోనే ఉంది. ఆయన ఇంటిపేరు గుఱ్ఱం. కొన్ని పుస్తకాల అట్టల మీద అలాగే ఉంటుంది, కొన్నిటి మీద గుర్రం అయింది. చదివేవాళ్లకు ఇబ్బంది లేదు, చిక్కంతా కంప్యూటర్‌తోనే. దానికి ర వేరు, ఱ వేరు. గ్రంథాలయం జాబితాలో ఒకలా ఎక్కించి ఇంకోలా వెతికితే, పుస్తకం బీరువాలో ఉన్నా ‘లేదు’ అనే అవకాశముంది. ఏ మాటలో ఏది రాయాలో అందరికీ తెలియనక్కర్లేదు. కానీ పాత పుస్తకాలను కంప్యూటర్‌కు ఎక్కించేవాళ్లకైనా తెలియకపోతే ఎలా?

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘జె’ మీట నొక్కితే ర వస్తుంది, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే ఱ. ఈ వ్యాసం కోసం ఆ రెండూ కలిపి ఎన్నిసార్లు నొక్కానో! తీరా ప్రూఫు చూస్తే, ఎవరో తప్పులనుకుని శ్రద్ధగా దిద్దిపెట్టారు. ‘చెట్టుకుండేది వేరు, అన్నదమ్ములు పడేది వేరు’ అని ఉంది. మళ్లీ మొదటినుంచీ షిఫ్ట్ నొక్కుకుంటూ వచ్చాను.