సామూహిక వికీలో సవరణ ప్రతిపాదనల నిర్వహణ: ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సమాచారం ఆధారంగా ఒక పరిశీలన

పాఠకులే రచయితలుగా, పరిష్కర్తలుగా ఉండి నిర్మించుకొనే విజ్ఞాన భాండారాన్ని వికీ అంటారు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో గ్రామాలు, మండలాలు, పంటలకు సంబంధించిన వ్యాసాలు అనేకం ఉన్నాయి. విద్యార్థులు, విస్తరణ సిబ్బంది ప్రాథమిక సమాచారం కోసం వీటిని సంప్రదించడం సహజం. వీటిలో కనిపించిన తప్పును సరిదిద్దడం కష్టం కాదు. కాని ఏ ఆధారంతో, ఏ కాలానికి చెందిన సమాచారాన్ని మార్చారో నమోదు కాకపోతే ఆ సవరణే మరొక తప్పుకు కారణమవుతుంది.

జిల్లాల విభజన – గణాంకాల సమస్య

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల సంఖ్య 10 నుండి 31కి పెరిగింది. నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా ప్రత్యేక జిల్లా అయింది. ఫలితంగా ఈ ప్రాంతపు గ్రామ, మండల వ్యాసాలలో జిల్లా పేరు మార్చవలసిన అవసరం ఏర్పడింది.

అయితే పేరును మార్చినంత సులభంగా గణాంకాలను మార్చడం కుదరదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా జనాభా సుమారు 40.5 లక్షలు. అవే లెక్కల ప్రకారం ఇప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పరిధిలోని జనాభా సుమారు 9.2 లక్షలు మాత్రమే. పంటల విస్తీర్ణానికీ ఇదే వర్తిస్తుంది. విభజనకు ముందరి ఆముదం విస్తీర్ణాన్ని నేటి జిల్లా విస్తీర్ణంతో పోల్చిన విద్యార్థి సాగు ఒక్కసారిగా పడిపోయిందని భావించే ప్రమాదం ఉంది. పంట తగ్గకపోయినా, జిల్లా హద్దులు కుదించుకుపోయినందున అంకె తగ్గుతుంది.

పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. అది ప్రస్తుతం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నది. విభజనకు ముందు వెలువడిన ప్రచురణలలో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉండటం దోషం కాదు. 'అప్పటి మహబూబ్‌నగర్, ప్రస్తుత నాగర్‌కర్నూల్ జిల్లా' అని వ్రాయడం సరియైన సవరణ.

ప్రతిపాదనల నమోదు

వికీలో ప్రతి పుటకు 'చరిత్ర', 'చర్చ' అనే రెండు భాగాలు ఉంటాయి. మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో చరిత్ర చూపుతుంది. మార్పు ఎందుకు అవసరమో చర్చాపుటలో నిర్ణయించుకోవాలి. అక్షరదోషాలను నేరుగా దిద్ది, సారాంశంలో ఒక మాట వ్రాస్తే చాలు. గణాంకాలు, సిఫారసులు, సరిహద్దులకు సంబంధించిన మార్పులను మాత్రం ముందుగా ప్రతిపాదించడం మంచిది.

వ్యాసాల సంఖ్య పెరిగినప్పుడు చర్చాపుటలలోని ప్రతిపాదనలు చెల్లాచెదురుగా ఉండిపోతాయి. వాటిని ఒకే పట్టికలోకి చేర్చి ఈ అంశాలను నమోదు చేయాలి:

1. వ్యాసం పేరు, మార్చవలసిన వాక్యం
2. ప్రతిపాదిత వాక్యం, దాని ఆధారం
3. ఆ సమాచారం ఏ సంవత్సరానికి, ఏ సరిహద్దులకు చెందినది
4. ప్రతిపాదించిన తేదీ, పరిశీలకుని వాడుకరి పేరు
5. స్థితి: కొత్తది, పరిశీలనలో ఉన్నది, ఆమోదితం, తిరస్కృతం, అమలైనది

మూడవ అంశాన్ని విస్మరిస్తే పైన పేర్కొన్న ఆముదం ఉదాహరణ పునరావృతమవుతుంది. తిరస్కరించిన ప్రతిపాదనను పట్టిక నుండి తొలగించకుండా కారణంతో సహా ఉంచాలి. లేనిచో అదే ప్రతిపాదన మళ్ళీ వస్తుంది, అదే చర్చ మొదటి నుండి జరుగుతుంది. 'ఆమోదితం', 'అమలైనది' అనే స్థితులను వేరుగా ఉంచడం కూడా ముఖ్యం. అంగీకరించిన సవరణ పుటలోకి చేరక నిలిచిపోతే ఈ తేడా దానిని బయటపెడుతుంది.

ప్రాధాన్యక్రమం

ప్రతిపాదనలను వచ్చిన వరుసలో కాక, తప్పు వలన కలిగే నష్టాన్ని బట్టి పరిశీలించాలి. 2011 మే 13న సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్ ఉత్పత్తి, అమ్మకం, వినియోగాలను నిలిపివేసింది. పత్తిలో కాయతొలుచు పురుగుకు ఆ మందును సిఫారసు చేసే వాక్యం ఏ వ్యాసంలోనైనా మిగిలి ఉంటే, దానిని గ్రామ నామంలోని అక్షరదోషం కంటే ముందుగా సరిచేయాలి. పురుగుమందులు, మోతాదులు మొదటి వరుసలోను, రకాలు, విత్తే సమయాలు రెండవ వరుసలోను, గణాంకాలు, పరిపాలనా వివరాలు ఆ తరువాత, భాషాదోషాలు చివరను ఉండటం సమంజసం.

విస్తరణ శాస్త్రవేత్తలు తమ పరిధిలోని మండలాల వ్యాసాలను వీక్షణ జాబితాలో చేర్చుకుంటే వాటిలోని మార్పులు ఎప్పటికప్పుడు తెలుస్తాయి. ప్రతి పంటకాలానికి ముందు పెండింగు ప్రతిపాదనలను పరిష్కరించే బాధ్యతను స్నాతకోత్తర విద్యార్థులకు అప్పగించవచ్చు. ఆధారాన్ని వెదకడం, కాలాన్ని గుర్తించడం, నిర్ణయానికి కారణం వ్రాయడం వారికి పరిశోధనా పద్ధతిలో తొలి శిక్షణగా ఉపకరిస్తాయి.