మీకు తెలుసా? బాదల్ ఇంటిపేరు కాదు

పంజాబ్‌కు ఐదుసార్లు ముఖ్యమంత్రి అయిన ప్రకాశ్ సింగ్ బాదల్ పేరు చివర ఉన్నది ఇంటిపేరు కాదు, ముక్త్‌సర్ జిల్లాలో వాళ్ల ఊరి పేరు. వంశం పేరు ధిల్లాన్. 1956 నుంచి 1964 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న ప్రతాప్ సింగ్ కైరోన్‌దీ ఇదే తీరు: కైరోన్ ఊరు, వంశం మళ్లీ ధిల్లానే! పేర్లు మాత్రమే చూస్తే ఇద్దరిదీ ఒకే వంశమని ఎవరూ పోల్చుకోలేరు.

సిక్కుల పేర్లలో కులం కనబడకూడదన్న ఆలోచన పాతది. 1699లో ఆనంద్‌పూర్‌లో సిక్కుల దీక్షా సమాజమైన ఖాల్సాను స్థాపించిన గురు గోవింద్ సింగ్, దీక్ష తీసుకున్నవారు కులభేదాలు విడిచిపెట్టాలన్నారు. మొదట ముందుకొచ్చిన అయిదుగురివీ వేర్వేరు కులాలు. అందరి పేర్లకూ ‘సింగ్’ చేరింది. వారిలో మంగలి కులానికి చెందిన సాహిబ్ చంద్‌ది మన పొరుగున ఉన్న బీదర్ అని సిక్కు సంప్రదాయం చెబుతుంది.

వంశం పేరు తెలిసినా కులం తెలిసినట్టు కాదు. ‘గిల్’ అన్న పేరు జాట్ సిక్కుల్లో ఉంది, దళితులైన మజ్హబీ సిక్కుల్లో ఉంది, పంజాబీ క్రైస్తవుల్లోనూ ఉంది.